నాలుగవ దెబ్బ

ఆ ఆదివారం పగలు, ప్రార్థన ముగిసి గంట దాటిన తరువాత, తాండూరు బండల బస్తీలోని మత్తయ్య ఇంటిలో ఉన్నవారు ఆరుగురు. వారు వచ్చిన వరుస ఇది: మొదట ఇంటి యజమాని మత్తయ్య, ఆయన భార్య భాగమ్మ, వారి ఒక్కగానొక్క కుమార్తె సువార్త. ముగ్గురూ చర్చి నుండి కలిసి నడిచి వచ్చినారు. నాలుగవవాడు భాగమ్మ తమ్ముడు ఏసుదాసు. స్టేషను పక్కన లారీల ఆఫీసులో కావలి ఉద్యోగం ఆయనది. అయిదవవాడు ఫరీద్, వికారాబాద్ కాలేజీలో సువార్తతో బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ఆరవవాడు గని మేస్త్రి యాదగిరి. పిలవని పేరంటం ఆయనది. అందరికంటె కడపట వచ్చి, అందరికంటె ముందు మాట్లాడినాడు.

“మత్తయ్య సచ్చిపోయిండట గదా. గని సావుకారు అడిగి రమ్మన్నడు. మరి రేపు పనికి ఎవరొస్తున్నరు?”

తన మాటకు తానే కొంచెం నవ్వుకొని, యాదగిరి జేబులోనుండి ఒక క్యాసెట్టు తీసి అరుగుబండ మీద పెట్టినాడు.

అటువంటి క్యాసెట్టే ఆ ఇంటి అలమారలో బైబిలు పక్కన నాలుగు రోజులుగా ఉన్నది. దాని కవరు మీద నల్లకళ్లద్దాలు పెట్టుకొని, పెండ్లి బ్యాండువారి దగ్గర అడిగి తెచ్చిన జరీకోటు తొడుక్కొని సువార్త నిలబడి ఉన్నది. భాగమ్మకు అక్షరం రాదు. బొమ్మ కింద పెద్ద అక్షరాలలో ఉన్నది బిడ్డ పేరే అనుకొని ఆమె దానిని రెండుసార్లు కొంగుతో తుడిచి పెట్టుకొన్నది.

“జ్వాల,” అని యాదగిరి చదివినాడు. “గిది పేరు. కింద ఇంకోటున్నది. ఇను భాగమ్మా. తాండూరు బండ గనిలో తండ్రిని పోగొట్టుకున్న గొంతు.”

భాగమ్మ చేతిలోని చెంబు వంగి, ఆమెకు తెలియకుండానే నీళ్లు గడప మీద పడినవి.

“ఇంకో ముచ్చట,” అన్నాడు యాదగిరి. “నిన్న గేటు కాడి హోటల్ల గీ పాట పెట్టిన్రు. మొదాలు మూడు మోతలు. నాలుగో దెబ్బకు చాయ్ తాగేటోళ్లు పదిమంది లేసి నిలబడ్డరు. ఇద్దరైతే గ్లాసులు పారేసి ఉరికిన్రు.”

బండపనివారికి ఆ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గనిలో పొర కింద నిలబడే ముందు గడ్డపారతో పైబండను నాలుగు చోట్ల కొట్టి చూస్తారు. గట్టిబండ గంట వలె మోగుతుంది. లోపల వీడిన బండ మోగదు. తడిసిన చెక్క వలె డొల్లగా పలుకుతుంది. ఆ పలుకు విన్నవాడు పనిముట్టు అక్కడే వదిలి పరుగెత్తవలె. జ్వాల పాట మూడు మోతలతోను, ఒక డొల్ల దెబ్బతోను మొదలవుతుంది. ఫరీద్‌కు అది తాళం. తాండూరువారికి అది హెచ్చరిక.

“సావుకారు సుత ఇన్నడు,” అన్నాడు యాదగిరి. “మంచిగుందన్నడు.”

అని, ఫరీద్ వైపు తిరిగినాడు.

“ఫరీద్ బాబూ, మీ పాట వీడియో షూటింగుకు సావుకారు సెలవిచ్చిండు. తూర్పు గుంటల్నే తీసుకోమన్నడు. రేపు పది గంటలకు కెమెరా వస్తది గద? ఆ లోపట గుంట సాఫ్ గావాలె. మత్తయ్య ఒక్కన్నే దిగమన్నడు. పాతోడు, గుంట గుణం తెలిసినోడు.”

భాగమ్మ మర్యాద తప్పక మళ్లీ నింపిన చెంబు అందించినది. యాదగిరి దానిని తాకలేదు. చెప్పులు తొడుక్కొని, మత్తయ్య వైపు ఒకసారి చూసి, ఎండలోనికి వెళ్లిపోయినాడు.

తూర్పు గుంట మూతపడి రెండేండ్లయినది. అది మూతపడిన దినమే, అందులో పనిచేసే జంగప్ప ఎడ్లబండి మీదినుండి పడి చనిపోయినాడని ఊరు విన్నది. విన్నది, నమ్మినదో లేదో ఎవరూ అడగలేదు.

“నీకు నా చేతితోని రొట్టె పెట్టిన,” అని భాగమ్మ ఫరీద్ మీద విరుచుకొనిపడినది. “పెడితిని గదరా! నా మెడల పుస్తె నీకేం అన్యాలం చేసింది?”

“చిన్నమ్మా, జర నా మాటిను. మంచిగ పాడేటోళ్లు మస్తుమంది ఉంటరు. స్టార్ కావాల్నంటె ఒక కథ ఉండాలె. కథ ఉన్నోళ్లే జనానికి యాదికుంటరు.”

“బతికున్నోన్ని సంపుడా కథంటే? మీ అబ్బాను సంపి రాసుకోకపోయినవ్?”

ఫరీద్ ముఖం ఎర్రబడినది. వికారాబాద్‌లో అతని తండ్రికి క్యాసెట్ల దుకాణం ఉన్నది. ఇంటింటికీ తిరిగి వీడియోలు కిరాయికిచ్చే ఆ పెద్దమనిషి తన మరణవార్త అచ్చులో చూసి ఊరుకొనేవాడు కాడు.

“దండేసిన ఫోటో సుత తీసినం,” అన్నాడు ఫరీద్, దాచడం చేతకాక. “మొన్న కెమెరా నడుస్తదో లేదో చూసేటందుకు. కాకా ఫోటో బండ మీద పెట్టి, దండేసి, దీపం ముట్టించి...”

“ఏసుదాసూ, వీన్ని బయటికి తోలు.”

ఏసుదాసు లేవలేదు. బావ ముఖం చూస్తున్నాడు.

“అవ్వా, వాన్ని ఏమనకు,” అన్నది సువార్త తల్లితో. కవరు మీద మంటవలె నిలబడిన పిల్ల, ఇంటిలో పాత ఓణీ అంచు వేలికి చుట్టుకొంటూ మాట్లాడుతున్నది. “నేను వద్దన్న. నాయిన ఒప్పుకున్నడని ఫరీద్ చెప్పిండు. నాయినను అడిగితె, అవు బిడ్డా అన్నడు. గందుకే ఊకున్న.”

భాగమ్మ మెల్లగా భర్త వైపు తిరిగినది. ఇరవై రెండేండ్ల కాపురంలో ఆమె ఆయనను తిట్టినది, బతిమాలినది, పనిమీదనుండి ఆలస్యమైతే దారి కాచినది. ఆయనకు భయపడినది మాత్రం ఇదే మొదటిసారి.

“ఫోటో నువ్వే ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

“నాలుగు దెబ్బలు?”

“నేనే కొట్టి పట్టిచ్చిన. పిల్లగాడు టేపు తెచ్చిండు. గని చప్పుడు కావాల్నన్నడు.”

“సచ్చిపోయిన్నని రాసుకోమన్నవా?”

మత్తయ్య తన అరచేతులు చూసుకొన్నాడు. రాతిపొడి ఎంత కడిగినా పోని గీతలు అవి.

“ఒకనాడు వ్యాగన్లకు తొందరుండె,” అని మొదలుపెట్టినాడు. “తూర్పు గుంటల ఇద్దరున్నరు. మీద ఒక మత్తయ్య ఉండె. కింద ఒక మత్తయ్య ఉండె. మీది మత్తయ్య బండను కొట్టి చూసిండు. మూడు మోగినై. నాలుగోది డొల్ల. మేస్త్రికి చెప్పిండు. వ్యాగన్ నిండేదాక ఊకో అన్నడు మేస్త్రి. మీది మత్తయ్య ఊకున్నడు.”

ఆయన రెండు అరచేతులూ మూసుకొన్నాడు.

“కింది మత్తయ్య సచ్చిపోయిండు,” అన్నాడు.

“ఆయన పేరు మత్తయ్య కాదు గద,” అన్నది భాగమ్మ, గొంతు తగ్గించి.

“ఆ పేరు నా నోట రాదు. ఎట్ల సచ్చిండో నా నోట రాదు. బండి మీదికెళ్లి పడ్డడని కాగితం మీద సంతకం పెట్టిన. పెట్టి, ఒట్టేసిన.”

“దేని మీద?”

మత్తయ్య కూతురి వైపు చూసినాడు. చూసి, వెంటనే చూపు మరల్చుకొన్నాడు.

సువార్త గోడకు ఆనుకొన్నది. “ఆ దినం యాదగిరి మేస్త్రి నీ ఎంబడి వచ్చిండు,” అన్నది. “నేను ఇంటర్ పుస్తకాలు ముంగటేసుకొని కూసున్న. నువ్వు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టినవు. ఏం మాట్లాడలే. మేస్త్రి చూసి ఎల్లిపోయిండు. నాయినా, నేను దీవెన అనుకున్న.”

బిడ్డ తల మీద పెట్టిన ఒట్టు తప్పితే ఆ ఫలం బిడ్డకే తగులుతుందని నమ్మేవారి ఇంటిలో, ఇంతకంటె పెద్ద తాళం వేయడానికి ఏ సావుకారుకూ వీలులేదు.

“నేను ఒట్టు తప్పలే,” అన్నాడు మత్తయ్య, చదువుకొన్న పాఠం అప్పజెప్పినట్లు. “పరాయోని సావు చెప్పనని ఒట్టేసిన. నా సావు చెప్పుకోనని ఎయ్యలే. పిల్లగాడు పాటకు కథ అడిగిండు. నా పేరు పెట్టుకో అన్న. పాటల నేను సచ్చిపోతె ఒట్టు ఎట్ల తప్పుతది?”

“దేవునితోని తొండి ఆడినవా?” అన్నది భాగమ్మ.

ఆయన తల ఎత్తి ఫరీద్‌ను అడిగినాడు. “రేపు బిడ్డ ఎక్కడ నిలబడుతది?”

ఫరీద్ మడతపెట్టిన డ్రాయింగు కాగితం విప్పినాడు. పాటలోని ప్రతి చరణానికీ ఒక బొమ్మ గీసి ఉన్నది. రైలు కిటికీలో జ్వాల, అనంతగిరి మలుపులో జ్వాల, బండలు నరికేవారి నడుమ జ్వాల. కడపటి చరణం బొమ్మ మీద అతని వేలు ఆగినది. “గుంట గోడ కింద, కాకా. నీడ ఉంటది. పైబండ ముంగటికి వచ్చి ఛత్రీ లెక్క కనిపిస్తది. మస్తుగుంటది.”

“ఛత్రీ లెక్క,” అన్నాడు మత్తయ్య.

అంతటితో భాగమ్మ లేచినది. ఆమెకు సంగీతం తెలియదు, న్యాయస్థానాలు తెలియవు. రేపు తెల్లవారితే భర్త ఆ బండ కిందికి దిగవలసి ఉన్నదనీ, దిగడానికి సాకు ఆ షూటింగేననీ తెలుసు. పాట లేకపోతే షూటింగు లేదు. షూటింగు లేకపోతే గుంట సాఫ్ చేసే పని లేదు.

“అసలు టేపు ఎక్కడున్నది?”

“వికారాబాద్‌ల. మా దుకాన్ల.”

“నడువుండ్రి. నా కండ్ల ముంగట చెరపాలె. ఆ దండేసిన ఫోటోది సుత. మీ దోస్తులకు చెప్పు, రేపు ఎవరూ రావద్దని.”

భాగమ్మ, సువార్త, ఫరీద్ ముగ్గురూ బయలుదేరేటప్పుడు మత్తయ్య తలుపు వెనుకనుండి గడ్డపార తీసి, మొన మీది తుప్పును గోనెగుడ్డతో తుడుస్తున్నాడు. ఇంట్లో ఇంత గొడవ నడుస్తుంటే మనిషికి చేతులకేదో పని కావలసి ఉంటుందిలే అని భాగమ్మ అనుకొన్నది. ఆమె జీవితంలో చేసిన పొరపాట్లలో ఇది చిన్నది కాదు.

పాసింజరు గంట ఆలస్యంగా వచ్చినది. ధారూర్‌లో ఒక స్త్రీ సీతాఫలాల గంప ఎత్తుకొని వారి పెట్టెలోనికే ఎక్కినది. గంప దించి, తల ఎత్తి, భాగమ్మను చూసి, ఎదుటి బల్ల మీద కూర్చున్నది. ఆమె మొగులమ్మ, జంగప్ప భార్య. భర్త పోయిన తరువాత అన్నగారి ఊరు చేరి, పండ్లు అమ్ముకొని బతుకుతున్నది.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకొన్నవారు. ఇప్పుడు రైలు రెండు కిలోమీటర్లు పోయేదాకా ఒకరినొకరు పలకరించుకోలేదు.

“మీ ఆయన బాగున్నడా?” అన్నది మొగులమ్మ.

“బాగున్నడు.”

“సచ్చిపోయిండని పాట వచ్చింది గద. స్టేషన్ల పోరగాండ్లు పెట్టుకొని ఇంటున్నరు.” ఆమె సువార్త ముఖం పరీక్షగా చూసినది. “నువ్వేనా బిడ్డా జ్వాలంటె? మంచిగనే పాడినవు. భాగమ్మా, ఒకటడుగుత. నా పెనిమిటి సావును నీ పెనిమిటికి ఎందుకు కట్టబెట్టిన్రు?”

బదులుకు ఆగకుండా మొగులమ్మే అందుకొన్నది.

“మా ఆయన దినాం చెప్పేటోడు. నాలుగో దెబ్బ డొల్లగ పలికితె అన్నం గిన్నె సుత ఇడిసిపెట్టి ఉరకాలె అని. బండి మీదికెళ్లి పడ్డడని తెచ్చి పండవెట్టిన్రు. తానం పోసింది నేను. తల ఎంటికలల్ల అంత బండపొడి. బండి మీద ఎక్కడిదే పొడి? అడిగిన. ఒక్కడు చెప్పలే. మీ ఆయన సుత తల వంచుకొని ఎల్లిపోయిండు.”

“చెప్పలేకపాయె,” అన్నది సువార్త. “నా తల మీద ఒట్టేయించిన్రు.”

మొగులమ్మ కిటికీ బయటకు చూసినది. అడవి మీద మబ్బు నల్లగా దిగుతున్నది.

“ఇప్పుడు యాడికి?” అన్నది కడకు.

“పాట చెరపనీకి,” అన్నది భాగమ్మ.

వికారాబాద్‌లో మొగులమ్మ గంపను స్టేషను బయట తెలిసినవారికి అప్పగించి, పిలవకుండానే వారి వెంట నడిచినది.

ఫరీద్ తండ్రి నమాజుకు పోయినాడు. దుకాణం వెనుక గదిలో ఇద్దరు విద్యార్థులు గోడకు బొమ్మల కాగితాలు అంటిస్తూ, రేపు జ్వాలకు ఎర్ర రిబ్బను కట్టవలెనా వెండి రిబ్బను కట్టవలెనా అని వాదించుకొంటున్నారు. స్త్రీలను చూసి ఇద్దరూ లేచి నిలబడినారు. కిరాయి కెమెరా బల్ల మీద నల్లగుడ్డ కింద ఉన్నది.

ఫరీద్ టీవీ పెట్టినాడు. తెర మీద గీతలు పోయి, గుంట గోడ కనబడినది. దాని ముందు ఒక రాయి. రాయి మీద బంతిపూల దండలో మత్తయ్య. దీపం గాలికి ఊగుతున్నది. పైన ఒక మూలగా, నిజంగా గొడుగు వలె ముందుకు వంగి, ఆ బండ.

భాగమ్మ ఫరీద్ వైపు తిరిగినది. “చెరుపు,” అన్నది.

ఫరీద్ పాట టేపు మరొక యంత్రంలో పెట్టినాడు. “రెండు బటన్లు ఒక్కతాన నొక్కితె అయిపోతది చిన్నమ్మా. మళ్ల రాదు.” రెండు నెలలు కష్టపడిన పాట అది. అతని వేళ్లు బటన్ల మీద ఉన్నవి, నొక్కడం లేదు.

“నొక్కుమన్న గద!”

“భాగమ్మా,” అన్నది మొగులమ్మ. ఆమె నేల మీద కూర్చొని ఉన్నది. “మావోనికి ఫోటో సుత లేదు. తీసుకుందాం తీసుకుందాం అనుకుంటనే పాయె. నేను దండ యాడెయ్యాలె? గా నాలుగో దెబ్బ ఒక్కటే ఉన్నది వాని గుర్తు. దాన్ని సుత చెరుపుతవా?”

“నీకు పోయినోడు పోయిండు మొగులమ్మా. నాకు ఉన్నోడున్నడు. రేపు దిగుతడు.”

“నిజమే,” అన్నది మొగులమ్మ. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట భాగమ్మకు మరింత లోతుగా దిగినది.

సువార్త తల్లి భుజం మీద చెయ్యి వేసినది. భాగమ్మ విదిలించుకొనలేదు, దగ్గరకు తీసుకొనలేదు. ఆమె చూపు తెర మీది బండను వదలలేదు.

అప్పుడు దుకాణం ముందు గదిలో టెలిఫోను మోగినది. తాండూరు నుండి ట్రంకు కాల్. ఫరీద్ పరుగెత్తి ఎత్తి, విని, భాగమ్మ చేతికి ఇచ్చినాడు. ఆమె జన్మలో టెలిఫోను పట్టుకొన్నది అదే మొదలు.

“అక్కా, నేను ఏసుదాసును. ఇనొస్తుందా? మీరు అటు పోంగనే బావ గడ్డపార భుజం మీదేసుకొని ఎల్లిండు. తూర్పు గుంటకు.”

“ఇయ్యాల ఆదివారం గదరా! గనిల ఎవరుంటరు?”

“ఎవరూ ఉండరనే పోయిండు. రేపు బిడ్డ వచ్చి నిలబడే లోపట ఆ బండను దించుతనన్నడు. మనుషులు లేనప్పుడు దించాలె అన్నడు.”

“షూటింగే లేదని చెప్పకపోయినవా? చెరపనీకే వచ్చినం గద!”

“చెప్పిన. చెయ్యి పట్టి ఆపిన అక్కా. ‘రేపు కాకుంటె ఎల్లుండి ఇంకెవన్నో ఒకన్ని దించుతరు. నేను ఒకపారి ఊకున్న, సాలు’ అన్నడు. ఇంకో మాట చెప్పిండు. పాట చెరపొద్దని చెప్పమన్నడు.”

“ఇప్పుడెక్కడున్నడు? పోయి చూసి రా!”

“నేను కాల్ బుక్ చేసి గంటన్నర అయింది. లైను ఎప్పుడిస్తరో ఏమో అని ఫోను కాడ్నే కూసున్న. కదిలితె లైను పోతదని...”

గరగరమని ఏదో చప్పుడు. ఏసుదాసు గొంతు దూరమై, తెగిపోయినది.

భాగమ్మ చేతిలోని ఫోనును ఎక్కడ పెట్టవలెనో తెలియక కొంతసేపు ఛాతీకి అదుముకొని నిలబడినది. సువార్త దానిని తీసి పెట్టినది. ఎవరూ ఏడవలేదు. ఏడ్చుటకు కారణం ఉన్నదో లేదో చెప్పగలవారు ఆ గదిలో ఎవరూ లేరు. గంటన్నర కిందటి మాట అది. బండ దిగడానికి గంటన్నర అక్కరలేదు.

“తాండూరు బండి ఎప్పుడు?”

“ఆరు నలభైకి చిన్నమ్మా.” ఫరీద్ గోడ గడియారం చూసినాడు. ఆరు కావడానికి అయిదు నిమిషాలున్నవి. అతని చూపు గోడమీది బొమ్మలన్నింటి మీదుగా పోయి, కడపటి చరణం దగ్గర ఆగినది. ఆ కాగితం పీకి, నాలుగు ముక్కలుగా చించినాడు. “నేను కథ అనుకున్న చిన్నమ్మా. ఖుదా కసం, కథనే అనుకున్న.”

భాగమ్మ అతనిని ఓదార్చలేదు. తిట్టనూ లేదు.

“పాట మొదాలు పేర్లు రాస్తరు గద. కెమెరా ఎవరు, బట్టలు ఎవరు అని.”

“రాస్తం. పెద్ద షీటు మీద కుంచెతో రాసి, కెమెరా ముంగట పెడ్తం.”

“అయితె ఇప్పుడు రాయుండ్రి. బండి వచ్చే లోపట. ఆయన బతికుండంగనే రాయాలె.”

“అవ్వా...”

“బతికుండంగనే,” అన్నది భాగమ్మ. “పోయినంక రాసేది మస్తుమంది రాస్తరు. మొగులమ్మా, మీ ఆయన పేరు పెట్టొచ్చా?”

మొగులమ్మ తల ఊపినది. “ఒట్టేసింది మత్తయ్య. నేను కాదు. నా నోటితోని చెప్తున్న. జంగప్ప. రాయి బిడ్డా.”

విద్యార్థులు తెల్లని షీటు బల్ల మీద పరచినారు. సువార్త కుంచెను నల్లరంగులో ముంచినది. బండపనివాని కూతురు కాబట్టి చెయ్యి గట్టిది. మొదటి పేరు దగ్గర మాత్రం ఆగినది. “జ్వాల అని రాయాల్నా?”

“ఇంట్ల పిలిచేది రాయి,” అన్నది భాగమ్మ. “మీ నాయిన పేరుకు ‘గారు’ పెట్టు. ఇంతవరకు ఎవ్వరూ పెట్టలే.”

ఫరీద్ కెమెరా మీది నల్లగుడ్డ తీసినాడు. గదిలో దీపాలన్నీ వెలిగించినారు. చదువు రాని ఇద్దరు స్త్రీలు షీటుకు చెరొక కొన పట్టుకొని నిలబడినారు. బయట చినుకులు మొదలైనవి. కెమెరాలో ఎర్రచుక్క వెలిగినప్పుడు ఆ షీటు మీద ఉన్న అక్షరాలు ఇవి:

“మత్తయ్య గారి కుమార్తెనైన సువార్త అను నేను, ఈ పాట బృందం తరఫున తెలియజేయునది. ఇందులో చెప్పబడిన మరణం తాండూరు తూర్పు గుంటలో పైబండ కూలి మరణించిన జంగప్ప గారిది. నోరు విప్పరాదని ఒట్టు పెట్టించుకొన్నవారికి లొంగక, ఆ మరణాన్ని తన మరణంగా చెప్పుకొని, మాకు ఈ నాలుగవ దెబ్బను ఇచ్చినవారు మా తండ్రి మత్తయ్య గారు. వారు చేసిన ఈ కార్యానికి మేమందరమూ కృతజ్ఞతతో నమస్కరిస్తున్నాము. ఈ అక్షరాలు వ్రాసిన ఆదివారం సాయంకాలం ఆరు గంటల పది నిమిషాలకు వారు జీవించి ఉన్నారు.”